నాలుగో షరతు

జూలై 1, సోమవారం

తేదీలన్నీ ఒకచోట రాసి పెట్టుకోమని సర్కారు లాయరమ్మ చెప్పింది. ఏ రోజు ఏం జరిగింది, ఎవరు ఏమన్నారు, అన్నీ. కోర్టులో తడబడితే మనకే నష్టమట. సరేనని ఈ డైరీ తీశాను. లాండ్రీ వాళ్ళు ఏటా పంచేదే. అట్ట మీద వాళ్ళ పేరుంటే చించి పారేశాను. ఆమెకి చూపించేది వేరే కాగితం మీద రాస్తాను. ఇది నాకే.

పొద్దున స్టేషనుకి వెళ్ళాను. మా వాడు పోయి పదకొండు రోజులు. వాణ్ణి కొట్టిన మేనేజరూ వ్యాను డ్రైవరూ ఇద్దరూ బయటే తిరుగుతున్నారు. ఎందుకు పట్టుకోలేదని అడిగితే స్టేషను రైటరు ఫైలు మీద నుంచి తల ఎత్తకుండానే చెప్పాడు, వాళ్ళు ముందస్తు బెయిలుకి వేసుకున్నారమ్మా అని. అంటే ఏమిటన్నాను. అరెస్టు చేస్తారేమోనని భయం ఉన్నవాళ్ళు, చేయకముందే వెళ్ళి, మమ్మల్ని అరెస్టు చేయొద్దని జడ్జిగారిని అడగడమట. చట్టంలో ఉందట. ఎవరైనా అడగొచ్చట.

అక్కడే ఒళ్ళు మండిపోయింది. భయం ఉన్నవాళ్ళట. మా వాడికి ముందస్తుగా ఎవరు చెప్పారు? నాన్నా, పదకొండు గంటలకి నిన్ను డ్రమ్ముల వెనక్కి తీసుకెళ్ళి కొడతాం, ఈలోగా వెళ్ళి వద్దని ఏ పెద్దమనిషి దగ్గరైనా కాగితం తెచ్చుకో అని ఎవరైనా చెప్పారా?

ఈ మాటే రైటరుతో అన్నాను. అతను పెన్నుకి మూత పెట్టి, "నాతో అంటే ఏం లాభమమ్మా, చట్టం నేను రాశానా" అన్నాడు.

నిజమే. అతను రాసింది వేరే. కేసు కాగితంలో కొట్టి గాయపరిచారని రాశాడు. చంపారని రాయలేదు. మనిషి పోయాడు కదయ్యా అంటే, ఆ దెబ్బల వల్లే పోయాడని డాక్టర్లు రిపోర్టు ఇవ్వాలట. అది వస్తే మారుస్తాడట. ఎప్పుడొస్తుందో ఆయనకీ తెలియదు. నా కొడుకు ఎలా పోయాడో నాకు తెలుసు, వాళ్ళకి తెలియడానికే ఇన్నాళ్ళు పడుతోంది.

జూలై 2

జూన్ 11 నుంచి రాయమంది. రాస్తున్నాను.

ఆ రోజు మార్నింగ్ షిఫ్టు. నేను రోలరు దగ్గర. తడి దుప్పటి ఇటు నుంచి పెడితే వేడి రోలరు కింద నుంచి ఆరిపోయి, ఒక్క ముడత లేకుండా అటు వస్తుంది. ఇటు నేను, అటు వదిన. పద్నాలుగేళ్ళుగా అంతే. మా వాడు ఉతికే మిషన్ల దగ్గర, మూడో నంబరు.

మూడో మిషన్లోంచి దుప్పట్లు గులాబీ రంగులో బయటికి వచ్చాయి. అరవై. హోటల్ తెల్ల దుప్పట్ల మూటలో ఇంకో హోటల్ వాళ్ళ ఎర్ర నాప్కిన్లు కలిసిపోయాయి. ఒక సంచి మిగుల్చుకుందామని రెండు చోట్లవీ కలిపి కుక్కి తెచ్చింది వ్యాను డ్రైవరు. మూట విప్పి చూసుకుని మిషన్లో వేయాల్సింది మా వాడు. చూడలేదు. అది వాడి తప్పే, కాదనను. కానీ రంగు అంటుకుంటే బ్లీచు పెట్టి మళ్ళీ ఉతుకుతారు. ఎన్నిసార్లు ఉతకలేదు. నేనే రెండుసార్లు దుప్పట్లు మాడ్చాను, నన్నెవరూ చంపలేదు.

మేనేజరు పెద్దాయనకి స్వయానా బావమరిది. లాండ్రీ పెద్దాయనదే అయినా నడిపేది ఇతనే. నాలుగు వేళ్ళకీ ఉంగరాలు. మా వాణ్ణి సబ్బునీళ్ళ డ్రమ్ముల వెనక్కి పిలిచాడు. డ్రైవరు వెనక నుంచి చేతులు పట్టుకున్నాడు. వీడు కొట్టాడు. తల డ్రమ్ము అంచుకి తగిలింది. తగిలాక కూడా కొట్టాడు.

ఇదంతా నేను చూడలేదు. చూసింది మూటలు మోసే మామ ఒక్కడే. నేను ఇరవై అడుగుల దూరంలో దుప్పటి కొసలు సరిచేసుకుంటున్నాను. రోలరు హోరులో ఏమీ వినపడలేదు. అమ్మా అన్నాడేమో. అన్నాడో లేదో మామని అడగలేదు. అడగను.

ఆసుపత్రికి తీసుకెళ్ళాం. చేర్చుకున్నారు. ఏవో కాగితాలు రాయించుకున్నారు. అందరి దగ్గరా రాయించుకుంటారు.

తొమ్మిది రోజులు.

జూన్ 20 పొద్దున.

జూన్ 21 స్టేషనులో ఫిర్యాదు. మామ చూసింది చూసినట్టు చెప్పాడు, రాసుకున్నారు.

జూలై 3

వాడి ఫోను ఐదుంపావుకి మోగింది. షిఫ్టుకి లేపే అలారం. వాడి చెల్లెలు, మా చిన్నది, ఆపబోతే దాని చేతి మీద ఒక్కటి వేశాను.

జూలై 5, శుక్రవారం

కోర్టు.

లాయరమ్మ నా లాయరు కాదట. సర్కారు లాయరట. కేసు వేసింది సర్కారు, నేను కాదు. చచ్చింది నా కొడుకు, వాదులాడుకునేది వాళ్ళూ వాళ్ళూ. "మీరు నా వెనక బెంచీలో కూర్చోండమ్మా, అవసరమైతే పిలుస్తాను" అంది. మంచిదే పాపం. చేతి సంచి నిండా ఫైళ్ళు, ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలో నీళ్ళు. మా కేసు ఆమెకి ఆ రోజు ఆరోదట.

వరండాలో మేనేజరు కనపడ్డాడు. నిమ్మళంగా కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, మర్యాదగా.

అతని చొక్కా చూశాను. నా పనే అది, ఎవరిని చూసినా ముందు బట్టే చూస్తాను. చేతి ఇస్త్రీ. కాలరు లోపలి వైపు ముందు చేసి, తర్వాత బయట చేసి, భుజం కుట్టు దగ్గర పెట్టె మొనతో చిన్నగా నొక్కారు. అలా నొక్కే చెయ్యి లాండ్రీ మొత్తంలో ఒక్కటే ఉంది. వదిన చెయ్యి.

లోపల మా కేసు నాలుగు నిమిషాలు. వాళ్ళ లాయరు తెల్ల జుట్టాయన, మెత్తటి గొంతు. తన క్లయింట్లు కుటుంబాలున్నవాళ్ళని, ఎక్కడికీ పారిపోరని, పోలీసులు ఎప్పుడు పిలిస్తే అప్పుడు వస్తారని చెప్పాడు. లాయరమ్మ పోలీసుల కాగితాలు ఇంకా రావాలి, టైము కావాలంది. జడ్జిగారు 12కి వేశారు. అంతవరకు అరెస్టు చేయొద్దన్నారు.

ఇంకో వారం. మా వాడికి వారం ఉంటే ఏం చేసేవాడు? నిద్రపోయేవాడు. ఆదివారం వస్తే మధ్యాహ్నం దాకా లేచేవాడు కాదు మొద్దు వెధవ.

జూలై 6

వదిన వచ్చింది. చేతిలో సంచి, అందులో లాండ్రీలో నా లాకరులో ఉన్న నా చెప్పులు, దువ్వెన. గుమ్మంలోనే అడిగాను, "ఆ చొక్కా నువ్వేనా చేసింది?"

సంచి గుమ్మం మీద పెట్టింది. తర్వాత అంది, "మా ఇంటికి పంపించారు వదినా, కోర్టుకని చెప్పలేదు."

"చెబితే చేసేదానివి కాదా?"

"చేసేదాన్నే. ఇద్దరు పిల్లలు నాకు."

ముఖం మీదే చెప్పింది, దానికి మాత్రం మెచ్చుకోవాలి. కానీ ఆ రోజు ఇరవై అడుగుల దూరంలో ఆమె కూడా నిలబడి ఉంది. నీ పిల్లలు ఇద్దరు, నాకు ఇద్దరు కాదా అన్నాను. ఇప్పుడు ఒకతే అన్నాను. ఆమె ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఆ సంచి తీసుకుని లోపల పెట్టేసి, టీ కూడా ఇవ్వలేదు. చెప్పులు తీసుకొచ్చిందంటే ఇక రానని అనుకున్నారన్నమాట అందరూ.

మా వాడు అనేవాడు, అమ్మా నీ ఇస్త్రీ పెట్టె కంటే నీ నోరే వేడి అని. ఇంకా నువ్వు చూడలేదురా.

వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పి పోయింది. మేనేజరు మామ గదికి వెళ్ళి వస్తున్నాడట.

జూలై 8

మామ ఉండేది లాండ్రీ వెనక వరస గదుల్లో. పెద్దాయన ఇచ్చిందే. వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని అరటిపండు తింటున్నాడు. ఇంకా అరడజను గూట్లో ఉన్నాయి.

ఎవరిచ్చారు మామా అన్నాను.

"ఉంగరాలాయన. రెండుసార్లు వచ్చాడమ్మాయ్. ఆ రోజు ఆవిరి ఎక్కువగా ఉంది కదా తాతా, నీకు కళ్ళు కూడా మసక కదా అంటాడు. నా కళ్ళ గురించి వాడికి ఇంత బెంగ ఎప్పటి నుంచో."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను. పండు తీసుకున్నాను. చెప్పేది విన్నాను."

"తిన్నావా?"

"ఆకలేసింది తిన్నాను. తింటే చూసింది చూడనిదైపోతుందా?"

నాకు ఆ పండ్లు తీసి బయట పారేయాలనిపించింది. ఆయన తొక్క జాగ్రత్తగా మడిచి మంచం కింద పెట్టాడు. అతను వచ్చి ఇలా అంటున్నాడని లాయరమ్మతో చెప్పు మామా అన్నాను. గది పోతుందేమో అన్నాడు. పోతే మా ఇంటికి రా అన్నాను. నిజంగానే అన్నాను.

చాలాసేపు ఆలోచించాడు. ఆలోచించి, "మీ ఇంటికి అంటే కష్టమే అమ్మాయ్, నీ కూరల్లో ఉప్పుండదు" అన్నాడు.

అని లేచి చొక్కా వేసుకున్నాడు. ఇద్దరం నడుచుకుంటూ లాయరమ్మ ఆఫీసుకి వెళ్ళాం. ఆమె గుమాస్తా రాసుకున్నాడు, మామ సంతకం పెట్టాడు. ఇది బలమైన పాయింటమ్మా అంది. బెయిలు ఇంకా రాకముందే సాక్షిని కదిలిస్తున్నాడంటే వచ్చాక ఏం చేస్తాడని అడగొచ్చట.

నాకు చాలా రోజుల తర్వాత కడుపు నిండా అన్నం తినబుద్ధయింది. తిన్నాను. తిన్నాక సిగ్గేసింది.

జూలై 11

రేపు. వాళ్ళని లోపల పెడతారు. పెట్టాలి. ఒక్క రాత్రయినా ఆ గచ్చు మీద పడుకోవాలి.

జూలై 12, శుక్రవారం

రాయబుద్ధి కావడం లేదు.

లాయరమ్మ బాగా చెప్పింది. మామ సంగతి చెప్పింది. జడ్జిగారు తల ఎత్తి చూశారు కూడా. అప్పుడు ఆ తెల్ల జుట్టాయన లేచి, అయ్యా ఒక్క కాగితం అన్నాడు. ఆసుపత్రి నుంచి తెప్పించాడట. చేర్చుకునేటప్పుడు రాయించుకున్నది. చదివాడు. "నా కొడుకు పనిచేసే చోట తడి నేల మీద జారి పడ్డాడు. ఎవరి మీదా అనుమానం లేదు." కింద సంతకం. సొంత తల్లి చేతి రాత అయ్యా, అన్నాడు, గొంతు పెంచకుండా. పది రోజుల తర్వాత, అబ్బాయి పోయాక, కొట్టారని ఫిర్యాదు వచ్చింది, మధ్యలో ఏం జరిగిందో తమరే ఆలోచించండి అన్నాడు.

లాయరమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసింది. చిన్నది కూడా చూసింది. దాని చూపే తట్టుకోలేకపోయాను.

15కి వేశారు.

బయట లాయరమ్మ నన్ను పక్కకి తీసుకెళ్ళింది. ఇన్ని తేదీలు రాసిచ్చారు, ఇది ఒక్కటి ఎందుకు రాయలేదమ్మా అంది. గుర్తు లేదన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు, సీసాలో నీళ్ళు నా చేతికిచ్చి ఇంకో కేసుకి వెళ్ళిపోయింది.

చిన్నది బస్సులో అడిగింది, "అన్నయ్య జారి పడ్డాడని నువ్వు రాశావా?"

వాడే రాయమన్నాడు అని చెప్పాను. రాసెయ్ అమ్మా, నొప్పిగా ఉంది అన్నాడు అని. వాడే అన్నాడు.

జూలై 13

వాడు అనలేదు.

జూలై 14

చిన్నది నాతో మాట్లాడడం లేదు. అన్నం వండి పెట్టి వెళ్ళిపోయింది. ఎవరూ లేరు, ఇప్పుడు రాస్తాను.

లాండ్రీ వ్యానులోనే తీసుకెళ్ళాం. వాడి తల నా ఒళ్ళో. నడుపుతున్నది ఆ డ్రైవరే. ముందు సీట్లో మేనేజరు. చేతులు కడుక్కుని వచ్చాడు, చొక్కా చేతులు తడిగా ఉన్నాయి. వాడు ఎలా పడ్డాడు అని నేను అడగలేదు. ముఖం చూస్తే తెలియదా. నేలకి నాలుగు ఉంగరాలుంటాయా. తెలుసు. వ్యాను ఎక్కేముందే తెలుసు.

ఆసుపత్రి కౌంటరు దగ్గర మేనేజరు నా పక్కకి వచ్చి, అక్కా అన్నాడు. పద్నాలుగేళ్ళలో ఒక్కసారి అనలేదు ఆ మాట. "అక్కా, కొట్లాట అని రాస్తే పోలీసు కేసు అవుతుంది. పోలీసులు వచ్చేదాకా డాక్టర్లు చెయ్యి పెట్టరు. జారి పడ్డాడని రాసెయ్. డబ్బు సంగతి నేను చూసుకుంటాను. పిల్లాణ్ణి ముందు లోపలికి పోనీ."

డాక్టర్లు పోలీసుల కోసం ఆగరని తర్వాత విన్నాను. ముందు వైద్యమే చేస్తారట, తర్వాతే కబురు పెడతారట. నాకు అప్పుడు తెలియదు. ఐదో తరగతి చదివినదాన్ని. కౌంటరు ఆమెని ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేది. అడగలేదు.

రాశాను. చక్కగా రాశాను, గుండ్రంగా. పక్కన నిలబడి అతను మాట మాట చెబుతుంటే. "ఎవరి మీదా అనుమానం లేదు" అన్నది కూడా అతని మాటే, నాకు అలాంటి మాటలు రావు. మా వాడు స్ట్రెచరు మీద నుంచి చూస్తున్నాడు. ఏమీ అనలేదు. నేను పెన్ను కింద పెట్టేసరికి ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. నొప్పికి తిప్పుకున్నాడని అనుకున్నాను. తొమ్మిది రోజులు అలాగే అనుకున్నాను.

ఆ తొమ్మిది రోజుల్లో మాట్లాడే ఓపిక ఉన్నప్పుడు వాడు చిన్నదానితో మాట్లాడాడు. నాతో, మంచినీళ్ళు అనేవాడు.

ఇంతకంటే రాయలేను.

జూలై 15, సోమవారం

పొద్దున్నే లాయరమ్మ దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె ఫైలు తాడు ముడి వేస్తూ విప్పుతూ ఉంది. చివరికి, ఇది జడ్జిగారి ముందు మీరే చెబితే బాగుంటుంది, కానీ ఆయన వినాలని రూలేమీ లేదు, అడిగి చూస్తాను అంది.

అడిగింది. తెల్ల జుట్టాయన లేచి అభ్యంతరం అన్నాడు. జడ్జిగారు రెండు నిమిషాలు అన్నారు.

లేచి నిలబడ్డాను. బల్ల పట్టుకున్నాను. ఏం చెప్పానో చిన్నది తర్వాత చెప్పింది, అందుకే మాట పొల్లుపోకుండా రాస్తున్నాను.

"ఆ కాగితం నేనే రాశానయ్యా. అక్షరాలు నావి. మాట మాత్రం అదుగో ఆయనది. పక్కన నిలబడి చెప్పాడు. ముందు అది రాస్తేనే నా కొడుకుని లోపలికి తీసుకెళ్తారని చెప్పాడు, నమ్మాను. అబద్ధమని తెలిసే రాశాను. దానికి నాకేం శిక్ష ఉంటే అది వేయండి. నేను ముందస్తుగా ఏమీ అడగను."

జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తెల్ల జుట్టాయనని అడిగారు, మీ క్లయింటు ఆసుపత్రికి వెళ్ళాడా అని. వెళ్ళాడు, సాయం చేయడానికే వెళ్ళాడయ్యా, మానవత్వంతో అన్నాడు.

"సాక్షి గదికి రెండుసార్లు వెళ్ళింది కూడా మానవత్వంతోనేనా?" అన్నారు జడ్జిగారు.

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. మేనేజరు మెడ ఎర్రబడింది. అది చూశాను. అదొక్కటి చాలనిపించింది ఆ నిమిషానికి.

తీర్పు 17న.

బస్సులో చిన్నది నా పక్కన కూర్చుంది. నా చేతిలోంచి సంచి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

జూలై 17, బుధవారం

ఇచ్చేశారు.

ఇద్దరికీ ఇచ్చేశారు. ముందస్తు బెయిలు.

జడ్జిగారు చెప్పిన కారణాలు లాయరమ్మ నాకు చెప్పింది. డాక్టర్ల రిపోర్టు ఇంకా రాలేదు. ఇప్పటికి కేసు కొట్టినదే, చంపినది కాదు. పోలీసులు పిలిచినప్పుడల్లా వెళ్ళారు. ఊళ్ళో ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్ళు, పారిపోరు. లోపల పెట్టి ఇప్పుడు కొత్తగా రాబట్టాల్సింది ఏమీ లేదట.

నేనిల్లూ వాకిలీ ఉన్నదాన్ని కాదా? నా కొడుకు ఎక్కడికైనా పారిపోయాడా? డ్రమ్ముల వెనక్కి రమ్మంటే వెళ్ళాడు. పిలిచినప్పుడల్లా వెళ్ళిన వాడు వాడు.

వరండాలో లాయరమ్మ మీద అరిచాను. ఓడిపోయారు మీరు, మీకు నా కొడుకు ఆ రోజు ఆరో కేసు అన్నాను. నా కాగితం వల్లే కదా, చెప్పండి అన్నాను. జనం చూశారు. ఆమె మాటలన్నీ పడింది. అంతా అయ్యాక, రిపోర్టు వస్తే సెక్షను మారుతుంది, అప్పుడు ఈ బెయిలు రద్దు చేయమని మళ్ళీ వస్తాను, అంది. వస్తే కదా అన్నాను.

"ఇది పూర్తిగా చదవండమ్మా. ఇందులో ఉన్నది బెయిలు ఇవ్వడం ఒక్కటే కాదు," అంది. షరతులున్న ఆర్డరు. ఆమె గుమాస్తా మన మాటల్లో రాసిపెట్టాడు. తీసుకున్నాను కానీ చదవలేదు. మేనేజరు మెట్లు దిగుతూ డ్రైవరు భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యే.

ఇంటికొచ్చి రెండు గిన్నెలు పగలగొట్టాను. చిన్నది ఊడ్చింది.

జూలై 18

మధ్యాహ్నం చిన్నది ఆ కాగితం తీసి నా ముందు పెట్టింది. నువ్వే చదువమ్మా అంది. కాగితం అంటే భయం పట్టుకుంది నాకు. అది ఊరుకోలేదు.

వేలు పెట్టి చదివాను. ఒకటి, పూచీకత్తులు. రెండు, వారానికి రెండుసార్లు స్టేషనులో సంతకం. మూడు, ఊరు దాటకూడదు. నాలుగు దగ్గర ఆగాను. మళ్ళీ చదివాను. పెన్సిలుతో దాన్ని ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"పోలీసులు ఛార్జిషీటు వేసే వరకు ఈ ఇద్దరూ సంఘటన జరిగిన ఆవరణలో అడుగు పెట్టకూడదు. సాక్షులను నేరుగా గాని, ఇంకొకరి ద్వారా గాని కలవకూడదు, బెదిరించకూడదు, ఆశ పెట్టకూడదు."

సంఘటన జరిగిన ఆవరణ అంటే ఏది అని చిన్నదాన్ని అడిగాను. లాండ్రీయే కదమ్మా అంది.

లాయరమ్మకి ఫోను చేశాను. నిన్న అరిచినదాన్నని మొహమాటపడ్డాను, ఆమె ఏమీ అనుకోలేదు. మేనేజరు లాండ్రీలోకి రాకూడదా మేడం అన్నాను. రాకూడదు, ఛార్జిషీటు పడేదాకా అడుగు పెట్టకూడదు, మామ మాట వల్లే జడ్జిగారు అది పెట్టారు అంది. పెడితే? పెడితే బెయిలు రద్దు చేయమని అడుగుతాను. పెట్టాడని మీకెలా తెలుస్తుంది? అన్నాను.

"ఎవరో ఒకరు చూసి చెప్పాలమ్మా. కాగితం వెళ్ళి గేటు దగ్గర నిలబడదు కదా."

అక్కడ ఎవరు చెబుతారు? చొక్కా ఇస్త్రీ చేసి పంపే వదిన చెబుతుందా? మామకి రాత్రయితే గేటు కనపడదు. రెండు రోజులు ఆగి, మేనేజరు పెద్దాయన కారులో వెనక సీట్లో కూర్చుని వస్తాడు. తన గాజు గదిలో కూర్చుంటాడు. ఎవరూ చూడరు. చూసినా చూడరు.

నా ఉద్యోగం ఇంకా ఉందా మేడం అన్నాను. తీసేసినట్టు కాగితం ఏమైనా ఇచ్చారా అంది. లేదన్నాను. అయితే ఉంది అంది. సాక్షిని ఇప్పుడు పనిలోంచి తీసేస్తే అది కూడా జడ్జిగారికి చెబుతాను అంది.

చిన్నది గోడకి ఆనుకుని వింటోంది. "అన్నయ్య మిషను పక్కనే నిలబడాలమ్మా రోజంతా," అంది.

తెలుసు.

జూలై 19, శుక్రవారం

మార్నింగ్ షిఫ్టు. వెళ్ళాను.

గేటులోకి అడుగు పెట్టేసరికి అందరూ పని ఆపేశారు. రోలరు మాత్రం తిరుగుతోంది. నా చోట కొత్త పిల్ల నిలబడి ఉంది. అది నన్ను చూసి తనంత తనే పక్కకి జరిగింది. దుప్పటి తీసుకున్నాను. కొసలు పట్టి లాగాను. పెట్టాను. అవతల వదిన అందుకుంది. ఒక్క మాట లేదు. నాలుగు వందల దుప్పట్లు అలాగే.

మూడో మిషను వైపు చూడకూడదనుకున్నాను. చూశాను. కడిగేశారు, మెరుస్తోంది. ఇప్పుడు దాని మీద ఎవరో మీసాలు రాని కుర్రాడు పనిచేస్తున్నాడు, అక్కా అని తలవంచుకుని పోయాడు. వాణ్ణి కూడా తిట్టబుద్ధయింది. వాడేం చేశాడు.

పదకొండు గంటలకి పెద్దాయన తన గదికి పిలిపించాడు. ఆయన నా కంటే పెద్ద. ఎప్పుడూ గట్టిగా మాట్లాడలేదు, మా వాణ్ణి కొట్టిన రోజు ఊళ్ళో లేడు. నీళ్ళు ఇప్పించాడు. నీ బాధ నాకు తెలుసమ్మా, ఇక్కడికి రావడం నీకే మంచిది కాదు, ఇంట్లోనే ఉండు, జీతం నెలనెలా ఇంటికి పంపిస్తాను అన్నాడు. ఎన్నాళ్ళయినా సరే అన్నాడు. ఆశ పెట్టడం అంటే ఇదేనేమో అనుకున్నాను. పాపం ఆయనకి ఆ కాగితం ఎవరూ చదివి వినిపించినట్టు లేదు.

వద్దన్నాను. పని చేస్తాను అన్నాను.

"మరి బావమరిది లేకపోతే ఇక్కడ ఏదీ కదలదమ్మా. లెక్కలు, హోటళ్ళ వాళ్ళు, అన్నీ అతనే. నువ్విలా కాపలా కూర్చుంటే ఎలా?"

నేను కూర్చోలేదు. నిలబడే ఉన్నాను. అది చెప్పలేదు. చెప్పింది ఇంకోటి.

"మీరు అతన్ని లోపలికి తీసుకురండి అయ్యగారూ. నేనేమీ అడ్డం రాను. చూస్తానంతే."

ఆయన వెళ్ళు అన్నాడు.

జూలై 20, శనివారం

మేనేజరు రోడ్డు అవతల కారులో కూర్చున్నాడు. పొద్దున తొమ్మిది నుంచి. హోటళ్ళ వాళ్ళు వస్తే కారు దగ్గరికే వెళ్ళి మాట్లాడుతున్నారు. ఎండ. అద్దాలు దించుకుంటున్నాడు, ఎత్తుకుంటున్నాడు. మధ్యాహ్నం ఇంటి నుంచి క్యారియరు వచ్చింది, కారులోనే తిన్నాడు. ఆఫీసు కుర్రాళ్ళెవరో వచ్చి ఫైలు ఇచ్చి సంతకం తీసుకుపోయారు. రోలరు దగ్గర నిలబడితే కిటికీలోంచి అంతా కనపడుతుంది. ఇన్నేళ్ళూ నేను ఆ కిటికీలోంచి ఎప్పుడూ చూడలేదు.

సంతోషం వేస్తుందనుకున్నాను. వేయలేదు. వాడు బయట ఎండలో ఉన్నాడు, ఇంటికెళ్ళి పడుకుంటాడు. మా వాడు ఎక్కడున్నాడు. కోపం తగ్గుతుందనుకున్నాను, అదీ తగ్గలేదు. తగ్గకూడదు. అది తగ్గితే నాకు ఆ చోట నిలబడే శక్తి ఉండదు.

నాలుగింటికి మేనేజరు కారు దిగి గేటు దాకా వచ్చాడు. ఒక్క కాలు ముందుకు పెట్టబోయాడు. నేను దుప్పటి వదిలేసి కిటికీ దగ్గరికి వెళ్ళాను. అక్కడే నిలబడ్డాను. నా పక్కకి ఎవరో వచ్చారు. చూస్తే వదిన. కొంగుతో చేతులు తుడుచుకుంటూ అటే చూస్తోంది.

కాలు వెనక్కి తీసుకున్నాడు.

కాళ్ళు వాచిపోయాయి. చిన్నది వేడినీళ్ళు పెట్టింది, కాళ్ళు గిన్నెలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఆదివారం లాండ్రీలో సగం మందే ఉంటారు, గేటు దగ్గర ఎవరూ ఉండరు, అలాంటప్పుడే వస్తాడు. వచ్చేటప్పుడు డ్యూటీలు వేసే అతనితో చెప్పి వచ్చాను, రేపు నాకే వేయమని. ఆ పైన వచ్చే ఆదివారాలు కూడా.